నెట్‌వర్క్‌లలో డిగ్రీల సహసంబంధం: ఒక గుణకం పుట్టుక, ప్రచారం, పరిమితులు

వ్యాససంగ్రహం:

ఒక నెట్‌వర్క్‌లో ఎక్కువ సంబంధాలు గలవారు తమవంటివారితోనే ముడిపడి ఉన్నారా, తక్కువ సంబంధాలు గలవారితో ముడిపడి ఉన్నారా అనే ప్రశ్నకు అంకెలలో సమాధానం చెప్పేది డిగ్రీ సహసంబంధ గుణకం. దంపతుల ఎత్తులను పోల్చడానికి ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో వాడిన కొలమానం, సమాజశాస్త్రం, అంటువ్యాధుల అధ్యయనం మీదుగా 2002 నాటికి నెట్‌వర్క్ శాస్త్రంలో స్థిరపడింది. మానవ సంబంధాల నెట్‌వర్క్‌లు ఒక తీరు, యంత్రాల, జీవకణాల నెట్‌వర్క్‌లు మరొక తీరు అనే ప్రసిద్ధ సూత్రీకరణకు అది ఆధారమైంది. ఆ ప్రయాణంలోని ప్రధాన ఘట్టాలను, గణన పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. గుణకం విలువను దేనితో పోల్చాలో చెప్పనంతవరకు ఆ విలువకు అర్థం పూర్తికాదని రెండు చిన్న ఉదాహరణలతో నిరూపిస్తుంది.

కీలకపదాలు: గ్రాఫ్, నోడ్, లంకె, డిగ్రీ, సహసంబంధ గుణకం, సమ కలయిక, విషమ కలయిక, యాదృచ్ఛిక నమూనా.

1. ఉపోద్ఘాతం:

వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ ఉండాలని తెలుగు సామెత. బలం, హోదా, సంపద వంటివాటిలో సరితూగేవారే ఒకరితో ఒకరు సంబంధంలోకి వస్తారనే లోకానుభవం ఇందులో ఉంది. ఈ అనుభవాన్ని కొలవవచ్చునా? కొలిచి, ఫలానా సమాజంలో సమవుజ్జీతనం ఇంత ఉన్నదని అంకెలలో చెప్పవచ్చునా? నెట్‌వర్క్ శాస్త్రం ఈ ప్రశ్నను తనదైన రీతిలో వేసుకుంది. మనుషులను, యంత్రాలను, ప్రోటీన్లను నోడ్‌లుగా, వాటి మధ్య సంబంధాలను లంకెలుగా భావిస్తే ఏర్పడే రూపాన్ని గ్రాఫ్ అంటారు. ఒక నోడ్‌కు ఉన్న లంకెల సంఖ్య దాని డిగ్రీ. ప్రతి లంకెకు రెండు కొసలుంటాయి. ఆ రెండు కొసలలోని నోడ్‌ల డిగ్రీలు ఒకదానితో ఒకటి ఏ మేరకు పొసగుతున్నాయన్నదే ఇక్కడి ప్రశ్న.

పెద్ద డిగ్రీ పెద్ద డిగ్రీతోను, చిన్నది చిన్నదానితోను ముడిపడే ధోరణిని ఆంగ్లంలో అసార్టేటివ్ మిక్సింగ్ అంటారు. ఈ వ్యాసంలో దానిని 'సమ కలయిక' అని, పెద్దది చిన్నదానితో ముడిపడే ధోరణిని 'విషమ కలయిక' అని వ్యవహరిస్తున్నాను. ఈ ధోరణులను కొలిచే గుణకం −1 నుంచి +1 వరకు విలువలు తీసుకుంటుంది. భౌతికశాస్త్రవేత్తల సహరచనా నెట్‌వర్క్‌కు దాని విలువ 0.363. ఒక అమెరికన్ విశ్వవిద్యాలయపు కరాటే క్లబ్బులోని స్నేహాల నెట్‌వర్క్‌కు −0.476. రెండూ మనుషుల మధ్య సంబంధాలే. ఒకటి గట్టి సమ కలయికను, మరొకటి అంతకన్న గట్టి విషమ కలయికను చూపుతున్నాయి. ఈ వైరుధ్యం మనుషుల స్వభావంలో ఉన్నదా, కొలత స్వభావంలో ఉన్నదా అని విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. గణన పద్ధతి - కోనిగ్స్‌బర్గ్ వంతెనల ఉదాహరణ:

చరిత్రలోకి వెళ్ళేముందు లెక్కను ఒకసారి చేతితో చేసి చూడటం అవసరం. అందుకు గ్రాఫ్ సిద్ధాంతానికి ఆదిగా చెప్పుకునే కోనిగ్స్‌బర్గ్ వంతెనల సమస్యనే తీసుకుందాం. ప్రతి వంతెనను ఒక్కసారి మాత్రమే దాటుతూ నగరమంతా తిరిగి రాగలమా అన్న ప్రశ్నకు లెనార్డ్ ఆయిలర్ 1735లో సెంట్ పీటర్స్‌బర్గ్ అకాడమీకి సమాధానం సమర్పించాడు. ఆ పత్రం అకాడమీ 1736 సంపుటంలో చేరి, 1741లో అచ్చయింది. నేడు మనం గీసే చుక్కలూ గీతల బొమ్మ ఆయిలర్ పత్రంలో లేదు. కాని నగరాన్ని నాలుగు భూభాగాలుగా, వాటిని కలిపే ఏడు వంతెనలుగా కుదించి, ఏ భూభాగానికి ఎన్ని వంతెనలున్నాయో లెక్కించిన పద్ధతి ఆయనదే. అంటే డిగ్రీ అనే భావన పేరు లేకుండానే అక్కడ ఉన్నది.

నది నడుమనున్న క్నైప్‌హోఫ్ ద్వీపానికి అయిదు వంతెనలు. మిగిలిన మూడు భూభాగాలకు తలా మూడు. ద్వీపం నుంచి ఉత్తరపు ఒడ్డుకు రెండు, దక్షిణపు ఒడ్డుకు రెండు, తూర్పు భాగానికి ఒకటి వంతెనలున్నాయి. తూర్పు భాగం నుంచి రెండు ఒడ్డులకు ఒక్కొక్కటి ఉన్నాయి. ఏడు వంతెనలకు మొత్తం పద్నాలుగు కొసలు. వాటిలో అయిదు కొసలు ద్వీపంలో ఉన్నాయి, వాటి విలువ 5. తొమ్మిది కొసలు ఇతర భూభాగాలలో ఉన్నాయి, వాటి విలువ 3.

ఇప్పుడు లెక్క నాలుగు మెట్లలో సాగుతుంది. మొదటిది, కొసల విలువల సగటు: 25, 27 కలిపి 52, దానిని 14తో భాగిస్తే 3.71. రెండవది, విస్తృతి: కొసల విలువల వర్గాల సగటు 206/14, అంటే 14.71; దానినుంచి సగటు వర్గమైన 13.80ని తీసివేస్తే 0.92. మూడవది, సహవిస్తృతి: ద్వీపాన్ని తాకే అయిదు వంతెనలకు రెండు కొసల లబ్ధం 15 చొప్పున, మిగిలిన రెండింటికి 9 చొప్పున, మొత్తం 93, ఏడుతో భాగిస్తే 13.29, దానినుంచి 13.80 తీసివేస్తే −0.51. నాలుగవది, సహవిస్తృతిని విస్తృతితో భాగించడం. ఫలితం −0.56, కచ్చితంగా చెప్పాలంటే −5/9.

ఈ లెక్కలో రెండు విషయాలు గమనించదగినవి. భూభాగాల డిగ్రీల సగటు 14/4, అంటే 3.5. వంతెన కొసల మీద తీసిన సగటు 3.71. ఎక్కువ వంతెనలున్న భూభాగం ఎక్కువ కొసలలో కనిపిస్తుంది కనుక రెండవ సగటు పెరిగింది. రెండవ విషయం, విస్తృతిని లెక్కించేటప్పుడు ప్రతి డిగ్రీ వర్గం ఆ డిగ్రీ ఉన్నన్ని సార్లు వచ్చింది. అంటే డిగ్రీల ఘనాల మొత్తం లెక్కలోకి చేరింది. ఈ రెండింటి పర్యవసానాలు ముందు ముందు కనిపిస్తాయి.

3. దంపతుల ఎత్తు నుంచి వచ్చిన కొలత:

పై లెక్కలోని సూత్రం గ్రాఫ్‌ల కోసం పుట్టలేదు. ఫ్రాన్సిస్ గాల్టన్ 1888లో మానవ దేహపు కొలతల మధ్య సహసంబంధం గురించి లండన్ రాయల్ సొసైటీకి ఒక పత్రం సమర్పించాడు. దానిని నేటి గణితరూపంలోకి తెచ్చినవాడు కార్ల్ పియర్సన్, 1896లో. పియర్సన్ దృష్టి వారసత్వం మీద ఉండేది. తండ్రి ఎత్తుకు, కొడుకు ఎత్తుకు గల సంబంధాన్ని కొలిచేటప్పుడు ఒక చిక్కు ఎదురయింది. పొడుగువారు పొడుగువారినే పెళ్ళాడుతుంటే, పిల్లల ఎత్తులో తండ్రి పాలు ఎంతో, తల్లి పాలు ఎంతో వేరుచేయడం కష్టమవుతుంది. కనుక ముందు భార్యాభర్తల ఎత్తుల మధ్య సంబంధాన్నే కొలవవలసి వచ్చింది. అసార్టేటివ్ అనే విశేషణం ఈ సందర్భంలోనే శాస్త్రపరిభాషలోకి వచ్చింది.

పియర్సన్, ఆలిస్ లీ 1903లో బయోమెట్రికా పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో వెయ్యికి పైగా దంపతుల ఎత్తుల మధ్య గుణకం 0.28గా తేలింది. తండ్రీకొడుకుల ఎత్తుల మధ్య అది 0.51. సామెతలోని సమవుజ్జీ వియ్యానికి అంకె దొరికినట్లయింది. అయితే ఈ పరిశోధనలన్నీ యూజెనిక్స్ ఆలోచనతో ముడిపడి సాగినవని మరువరాదు. ఆ మాటను 1883లో గాల్టనే పుట్టించాడు. 1911లో పియర్సన్ ఆ విషయానికే ఆచార్యుడయ్యాడు. మనుషులను మేలు రకాలు, తక్కువ రకాలుగా విభజించిన ఆ భావజాలం తర్వాత కాలంలో తిరస్కృతమైంది. కొలమానం మాత్రం నిలిచింది.

ఇక్కడే ఒక మౌలికభేదాన్ని గుర్తించాలి. వరుడి ఎత్తు పెళ్ళికి ముందే ఉంటుంది. పెళ్ళి దానిని పెంచదు, తగ్గించదు. కనుక దంపతుల ఎత్తులు పొసగితే, ఆ పొంతన ఎంపిక వల్ల వచ్చిందని చెప్పడానికి అవకాశముంది. నోడ్ డిగ్రీ అలాంటిది కాదు. అది లంకెలతోనే పుడుతుంది. ఒక లంకె ఏర్పడగానే దాని రెండు కొసలలోనూ డిగ్రీ ఒక్కొక్కటి పెరుగుతుంది. కొలవదలచిన సంబంధమే కొలవవలసిన గుణాన్ని మారుస్తుంది. ఎత్తుల నుంచి డిగ్రీలకు సూత్రాన్ని తరలించినప్పుడు ఈ భేదాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఏమవుతుందో తర్వాతి చరిత్ర చెబుతుంది.

4. సమాజశాస్త్రం - తారలు, స్నేహితుల స్నేహితులు:

మనుషుల మధ్య సంబంధాలను చుక్కలు, గీతలుగా గీసి అధ్యయనం చేసే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చినవాడు జేకబ్ మొరెనో. న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక బాలికల శిక్షణాలయంలో హెలెన్ జెన్నింగ్స్‌తో కలిసి చేసిన పరిశీలనలు 1934లో ఆయన గ్రంథంలో వెలువడ్డాయి. ఎక్కువమంది కోరుకున్న వ్యక్తిని ఆయన 'తార' అన్నాడు. ఎవరూ కోరుకోనివారిని ఒంటరులుగా గుర్తించాడు. తారలు తారలనే కోరుకుంటారా అన్న ప్రశ్న ఆ బొమ్మలు చూసిన ఎవరికైనా కలుగుతుంది.

మొరెనో, జెన్నింగ్స్ 1938లో మరొక ముఖ్యమైన పని చేశారు. బాలికల ఎంపికలను, కేవలం యాదృచ్ఛికంగా చీటీలు తీస్తే ఏర్పడే ఎంపికలతో పోల్చారు. నిజమైన సమూహాలలో తారలు, ఒంటరులు, పరస్పర ఎంపికలు యాదృచ్ఛిక ఎంపికలలో కంటే ఎక్కువని తేల్చారు. గమనించినదానిని యాదృచ్ఛికంగా జరగగలదానితో పోల్చి చూడాలన్న సూత్రం ఇలా చాలా ముందుగానే నెట్‌వర్క్ అధ్యయనంలో కనిపిస్తుంది. తర్వాతి దశాబ్దాలలో దీనికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు.

పాల్ లాజర్స్‌ఫెల్డ్, రాబర్ట్ మెర్టన్ 1954లో 'హోమోఫిలీ' అనే మాటను ప్రవేశపెట్టారు. భావాలు, హోదా వంటివాటిలో సారూప్యం ఉన్నవారు స్నేహితులవుతారన్నది దాని భావం. ఇది డిగ్రీ గురించినది కాకపోయినా, సమానులు సమానులతో చేరతారన్న ఆలోచనను సమాజశాస్త్రంలో పాదుకొల్పింది.

డిగ్రీని నేరుగా చర్చించిన పత్రం స్కాట్ ఫెల్డ్ 1991లో రాసినది. జేమ్స్ కోల్మన్ 1961లో ప్రచురించిన అమెరికన్ ఉన్నత పాఠశాలల స్నేహవివరాల ఆధారంగా, సగటున మన స్నేహితులకు మనకంటే ఎక్కువమంది స్నేహితులుంటారని ఆయన చూపాడు. వంతెనల ఉదాహరణలో 3.5కూ 3.71కూ మధ్య కనిపించిన తేడాయే ఇది. ఇందులో ఎవరి అభిరుచికీ పాత్ర లేదు. డిగ్రీలు అసమానంగా ఉంటే చాలు, ఈ ఫలితం తప్పక వస్తుంది. అభిరుచిగా కనిపించేది లెక్క పర్యవసానం కావచ్చునన్న హెచ్చరికను ఫెల్డ్ పత్రం ఇచ్చింది.

5. అంటువ్యాధుల అధ్యయనం - ప్రాణాల మీదికి వచ్చిన ప్రశ్న:

1980ల చివర హెచ్‌ఐవీ వ్యాప్తితో ఈ ప్రశ్న పండితచర్చను దాటి ప్రజారోగ్య సమస్య అయింది. ఎక్కువమంది భాగస్వాములున్నవారు తమవంటివారితోనే సంబంధాలు పెట్టుకుంటే వ్యాధి ఎలా వ్యాపిస్తుంది? తక్కువమంది భాగస్వాములున్నవారితో పెట్టుకుంటే ఎలా వ్యాపిస్తుంది? సునేత్ర గుప్తా, రాయ్ ఆండర్సన్, రాబర్ట్ మే 1989లో ఈ ప్రశ్నలను గణిత నమూనాలతో పరిశీలించారు. సమ కలయికలో వ్యాధి తొలిదశలో వేగంగా పెరుగుతుంది, కాని ఆ చిన్న బృందంలోనే చాలావరకు ఆగిపోతుంది. విషమ కలయికలో మెల్లగా మొదలై, చివరకు ఎక్కువమందిని చేరుతుంది. సగటు భాగస్వాముల సంఖ్య ఒక్కటే తెలిస్తే చాలదని, ఎవరు ఎవరితో కలుస్తున్నారన్నది తెలియాలని దీనితో స్పష్టమైంది.

ఆ పరిశోధకులు జనాన్ని తరగతులుగా విభజించి, తరగతుల మధ్య కలయికను పట్టికగా రాసి, దాని నుంచి ఒక కొలమానం రూపొందించారు. అది ప్రతి తరగతికి, అందులోని జనసంఖ్యతో నిమిత్తం లేకుండా, సమాన ప్రాధాన్యమిస్తుంది. ఈ లోపాన్ని తర్వాత మార్క్ న్యూమన్ ఎత్తిచూపాడు. లోపం ఉన్నప్పటికీ, ప్రశ్నకు గల ప్రాణప్రాముఖ్యాన్ని స్థాపించినది ఈ పరిశోధనే.

6. 1999-2002: గుణకం స్థిరపడిన కాలం:

1998లో డంకన్ వాట్స్, స్టీవెన్ స్ట్రోగాట్స్ పత్రం, 1999లో ఆల్బర్ట్-లాస్లో బరబాసి, రేకా ఆల్బర్ట్ పత్రం వెలువడిన తర్వాత భౌతికశాస్త్రవేత్తలు నెట్‌వర్క్‌లవైపు పెద్దయెత్తున మళ్ళారు. నిజజీవితపు నెట్‌వర్క్‌లలో కొద్ది నోడ్‌లకు అతిపెద్ద డిగ్రీలుంటాయని గుర్తించారు. ఆ పెద్ద నోడ్‌లు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయన్నది సహజంగా తలెత్తిన తర్వాతి ప్రశ్న.

రోముఆల్డో పాస్తోర్-సటోరాస్, అలెక్సీ వాస్కెజ్, అలెస్సాండ్రో వెస్పిన్యాని 2001లో ఇంటర్నెట్ నిర్మాణాన్ని పరిశీలించారు. ఒక్కొక్క డిగ్రీ గల నోడ్‌లను తీసుకుని, వాటి పొరుగు నోడ్‌ల సగటు డిగ్రీని గుర్తించి రేఖాచిత్రం గీశారు. డిగ్రీ పెరిగినకొద్దీ పొరుగు సగటు తగ్గింది. చిన్న నెట్‌వర్క్‌లు పెద్ద సేవాసంస్థలకు తగులుకుని ఉండే ఇంటర్నెట్ అమరిక ఇందులో కనిపించింది.

ఇదే విషయాన్ని ఒక్క అంకెలోకి కుదించినవాడు న్యూమన్. 2002లో ఫిజికల్ రివ్యూ లెటర్స్ పత్రికలో వెలువడిన చిన్న పత్రంలో ఆయన పియర్సన్ గుణకాన్ని లంకెల కొసలలోని డిగ్రీలకు వర్తింపజేశాడు. 52,909 మంది భౌతికశాస్త్రవేత్తల సహరచనా నెట్‌వర్క్‌కు 0.363, 15,20,251 మంది జీవశాస్త్రవేత్తలకు 0.127, 2,53,339 మంది గణితశాస్త్రవేత్తలకు 0.120, 4,49,913 మంది సినిమా నటులకు 0.208, 7,673 మంది కంపెనీ డైరెక్టర్లకు 0.276 వచ్చాయి. మరోవైపు 10,697 నోడ్‌ల ఇంటర్నెట్‌కు −0.189, 2,115 ప్రోటీన్ల నెట్‌వర్క్‌కు −0.156, 307 నాడీకణాల నెట్‌వర్క్‌కు −0.163 వచ్చాయి.

పట్టిక ఎంత స్పష్టంగా ఉన్నదో, దాని నుంచి తీసిన నిర్ధారణ అంత ఆకర్షణీయంగా ఉన్నది. మనుషుల నెట్‌వర్క్‌లన్నీ ధన విలువలు, యంత్రాలవి, జీవకణాలవి అన్నీ ఋణ విలువలు. సమ కలయిక గల నెట్‌వర్క్‌లో పెద్ద నోడ్‌లు ఒకచోట గుమిగూడి ఉంటాయి కనుక వాటిని తొలగించి వ్యాధిని ఆపడం కష్టమని, విషమ కలయిక గలది పెద్ద నోడ్‌ల మీద దాడికి తేలికగా కూలిపోతుందని న్యూమన్ చూపాడు. మనం కాపాడదలచిన ఇంటర్నెట్ సులభంగా కూలుతుంది, మనం ఆపదలచిన అంటువ్యాధి సులభంగా ఆగదు. ఈ సారాంశమే ఆ పత్రానికి విశేషప్రచారం తెచ్చింది.

7. దేనితో పోల్చాలి?

అదే 2002లో సెర్గీ మాస్లోవ్, కిమ్ స్నెప్పెన్ సైన్స్ పత్రికలో మరొక మార్గం చూపారు. ఈస్ట్ కణంలోని ప్రోటీన్ల నెట్‌వర్క్‌లో రెండు లంకెలను యాదృచ్ఛికంగా ఎంచి, వాటి కొసలను తారుమారు చేస్తారు. ఏ నోడ్ డిగ్రీ మారదు, ఎవరు ఎవరితో ముడిపడ్డారన్నది మాత్రం మారుతుంది. దీనిని అనేకసార్లు చేస్తే, డిగ్రీలు అవే ఉండి, కలయిక యాదృచ్ఛికమైన నెట్‌వర్క్‌లు తయారవుతాయి. నిజమైన నెట్‌వర్క్‌ను వాటితో పోల్చాలి. అలా పోల్చినప్పటికీ పెద్ద ప్రోటీన్ల మధ్య లంకెలు ఉండవలసినవాటికంటే తక్కువగా ఉన్నాయని వారు తేల్చారు. మొరెనో, జెన్నింగ్స్ 1938లో వేసిన ప్రశ్నే ఇక్కడ కొత్త రూపంలో తిరిగివచ్చింది.

ఈ పోలిక ఎందుకు తప్పనిసరో వంతెనల ఉదాహరణే చెబుతుంది. నాలుగు భూభాగాల డిగ్రీలను 5, 3, 3, 3గానే ఉంచి, ఏ వంతెనా బయలుదేరిన భూభాగానికే తిరిగిరాకూడదన్న ఒక్క నియమంతో ఏడు వంతెనలను మనకు నచ్చినట్లు కట్టవచ్చుననుకుందాం. ద్వీపం నుంచి బయలుదేరే అయిదూ ఇతర భూభాగాలకే పోవాలి. మిగిలే నాలుగు కొసలు తమలో తాము రెండు వంతెనలుగా కలవాలి. ఎలా కట్టినా అయిదు వంతెనలు 5ను 3తో, రెండు వంతెనలు 3ను 3తో కలుపుతాయి. కనుక ఎలా కట్టినా గుణకం −5/9. ఆ విషమ కలయికలో వంతెనలు కట్టినవారి అభిరుచి ఏమీ లేదు. డిగ్రీలు నిర్ణయమైనప్పుడే గుణకమూ నిర్ణయమైపోయింది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఇవ్వవచ్చు. ఒక పరిశోధనపత్రాన్ని పదిమంది, మరొక పత్రాన్ని వేరే ముగ్గురు కలిసి రాశారనుకుందాం. ఒక పత్రం రాసినవారందరూ ఒకరితో ఒకరు ముడిపడినట్లు సహరచనా నెట్‌వర్క్‌లో లెక్కిస్తారు. మొదటి పత్రం రచయితలకు తలా 9 లంకెలు, రెండవదాని రచయితలకు తలా 2. ప్రతి లంకె రెండు కొసలలోనూ ఒకే డిగ్రీ ఉంటుంది. గుణకం సరిగ్గా +1. పేరున్నవారు పేరున్నవారిని వెతుక్కున్నారని దీని నుంచి చెప్పలేము. పత్రం పెద్దదైనందున అందరి డిగ్రీలూ ఒక్కసారిగా పెరిగాయి, అంతే. న్యూమన్ పట్టికలో ధన విలువలు పొందిన సహరచనలు, సినిమాలు, డైరెక్టర్ల బోర్డులు అన్నీ ఈ కోవలోనివే. పత్రం, చిత్రం, బోర్డు అనే బృందం ఒకటి ముందుండి, దాని నుంచి లంకెలు పుట్టాయి. న్యూమన్, జూయాంగ్ పార్క్ 2003లో బృందనిర్మాణమే మానవ నెట్‌వర్క్‌ల సమ కలయికకు కారణం కావచ్చునని తామే ప్రతిపాదించడం విశేషం. 2017లో డేవిడ్ ఫిషర్, అతని సహచరులు మరొక అడుగు ముందుకు వేశారు. బృందసభ్యత్వం నుంచి లంకెలను ఊహించే సేకరణ పద్ధతే గుణకాన్ని పెంచుతున్నదని, సమ కలయికను మానవ సంబంధాల సాధారణ లక్షణంగా భావించరాదని వాదించారు.

ఇంటర్నెట్ విషయంలోనూ ఇటువంటి పునఃపరిశీలన జరిగింది. రెండు నోడ్‌ల మధ్య ఒకటికి మించి లంకె ఉండరాదన్న నియమం పెద్ద నోడ్‌లు తమలో తాము కలిసే అవకాశాన్ని పరిమితం చేస్తుంది. వాటి మిగిలిన లంకెలు చిన్న నోడ్‌లకు పోక తప్పదు. ఇంటర్నెట్‌లోని విషమ కలయికలో కొంతభాగం ఈ నియమం వల్లనే వస్తున్నదని 2003లో పార్క్, న్యూమన్, 2004లో మాస్లోవ్, స్నెప్పెన్, అలెక్సీ జాలిజ్న్యాక్ చూపారు.

ఇప్పుడు కరాటే క్లబ్బు సంగతి. వేన్ జాకరీ 1977లో ప్రచురించిన ఈ నెట్‌వర్క్‌లో 34 మంది సభ్యులు, 78 స్నేహబంధాలు ఉన్నాయి. శిక్షణరుసుము విషయంలో శిక్షకుడికి, క్లబ్బు నిర్వాహకుడికి మధ్య తగవు ముదిరి క్లబ్బు రెండుగా చీలింది. శిక్షకుడి డిగ్రీ 16, నిర్వాహకుడిది 17. సామెతలో చెప్పిన సమవుజ్జీల కయ్యం ఇదే. వారిద్దరి మధ్య లంకె లేదు. అనుచరులు ఇద్దరి చుట్టూ చేరారు. యాదృచ్ఛికంగా కలిపితే ఈ ఇద్దరి మధ్య ఎన్ని లంకెలు రావచ్చునో 16, 17ల లబ్ధాన్ని మొత్తం కొసల సంఖ్య 156తో భాగించి అంచనా వేయవచ్చు. అది 1.74. ఒక జంటకు ఒక్క లంకె మాత్రమే అనుమతిస్తే ఆ అంచనాను చేరుకోవడమే సాధ్యం కాదు. అంటే −0.476లో కొంత లెక్క నియమం వల్ల వచ్చినది, కొంత నిజమైన వైరం వల్ల వచ్చినది. అంకె ఒక్కటే ఈ రెండింటినీ విడదీసి చెప్పలేదు. డిగ్రీలు మార్చకుండా కలయికను తారుమారు చేసి పోల్చినప్పుడే అది వీలవుతుంది.

8. నెట్‌వర్క్ పెరిగితే గుణకం ఏమవుతుంది?

మరొక చిక్కు పరిమాణానికి సంబంధించినది. గణన పద్ధతిలో డిగ్రీల ఘనాల మొత్తం వస్తుందని రెండవ భాగంలో గమనించాం. కొద్ది నోడ్‌లకు అతిపెద్ద డిగ్రీలున్న నెట్‌వర్క్‌లో, నోడ్‌ల సంఖ్య పెరిగినకొద్దీ ఈ మొత్తం మిగిలిన అన్నింటికంటే వేగంగా పెరుగుతుంది. అది హారంలో ఉన్నది కనుక గుణకం ఋణ విలువ సున్నావైపు జారుతుంది. నెల్లీ లిత్వాక్, రెమ్కో వాన్ డెర్ హోఫ్‌స్టాడ్ 2013లో ఈ విషయాన్ని గణితపరంగా నిరూపించారు. ఎంత గట్టి విషమ కలయిక ఉన్నా, అటువంటి పెద్ద నెట్‌వర్క్‌లలో పియర్సన్ గుణకం దానిని చూపలేదు. ఒకే తీరున పెరిగిన చిన్న నెట్‌వర్క్‌ను, పెద్ద నెట్‌వర్క్‌ను ఈ గుణకంతో పోల్చడం కూడా సరికాదు.

వారు సూచించిన ప్రత్యామ్నాయం కూడా పాతదే. డిగ్రీల విలువలకు బదులు వాటి క్రమస్థానాలను తీసుకుని సహసంబంధం లెక్కించే పద్ధతిని చార్లెస్ స్పియర్‌మన్ 1904లోనే ప్రతిపాదించాడు. క్రమస్థానం తీసుకుంటే ఒక అతిపెద్ద నోడ్ మొత్తం లెక్కను తనవైపు లాగలేదు. పియర్సన్, లీ దంపతుల ఎత్తులు కొలిచిన మరుసటి ఏడే పుట్టిన ఈ కొలత, నెట్‌వర్క్‌లకు తగినదిగా గుర్తింపు పొందడానికి శతాబ్దం పైగా పట్టింది.

లంకెలకు దిశ ఉన్నప్పుడు ప్రశ్న నాలుగు రెట్లవుతుంది. వచ్చే లంకెలు, పోయే లంకెలు వేరు కనుక రెండు కొసలలో నాలుగు రకాల జతలు పోల్చవలసి ఉంటుందని 2010లో జేకబ్ ఫాస్టర్, అతని సహచరులు చూపారు. ఒక్క అంకెతో సరిపెట్టుకునే పద్ధతికి ఇది మరొక పరిమితి. నేడు నెట్‌వర్క్‌ఎక్స్, ఐగ్రాఫ్ వంటి సాఫ్ట్‌వేర్‌లు ఒక్క ఆదేశంతో గుణకాన్ని లెక్కించి ఇస్తాయి. లెక్క సులువైంది. పోలికకు తగిన నమూనాను ఎంచుకునే బాధ్యత మాత్రం పరిశోధకుడిదే.

ఈ బాధ్యత ఎంత ఆచరణాత్మకమైనదో టీకాల ఉదాహరణ చెబుతుంది. రూవెన్ కోహెన్, ష్లోమో హావ్లిన్, డానియెల్ బెన్-అవ్రాహమ్ 2003లో ఒక ఉపాయం సూచించారు. టీకాలు తక్కువగా ఉన్నప్పుడు, యాదృచ్ఛికంగా ఒకరిని ఎంచి, వారికి కాక వారి పరిచయస్తులలో ఒకరికి టీకా వేయాలి. ఫెల్డ్ చెప్పిన కారణంగా ఆ పరిచయస్తుడికి ఎక్కువ సంబంధాలుండే అవకాశముంది. కరాటే క్లబ్బులో సభ్యుల సగటు డిగ్రీ 4.59 కాగా, లంకెల కొసల మీద తీసిన సగటు 7.77. ఎవరికి ఎందరు పరిచయమో జాబితా అక్కరలేకుండానే ఎక్కువ సంబంధాలున్నవారిని చేరుకునే మార్గం ఇది. పెద్ద నోడ్‌లకు ముందుగా టీకాలు వేస్తే వ్యాధి ఎంతవరకు ఆగుతుందన్నది మళ్ళీ కలయిక తీరు మీద ఆధారపడుతుంది. సేకరణ పద్ధతి వల్ల పెరిగిన గుణకాన్ని మానవస్వభావంగా పొరబడితే, ఆపగలిగిన వ్యాధిని ఆపలేమనుకునే ప్రమాదముంది.

9. ముగింపు:

- లంకె కొసలలోని డిగ్రీల సంబంధాన్ని కొలిచే గుణకం వారసత్వ పరిశోధనలో దంపతుల ఎత్తుల పోలికకు వాడినదే. ఎత్తు సంబంధానికి ముందే ఉండే గుణం, డిగ్రీ సంబంధంతో పుట్టే గుణం. ఈ భేదం వల్ల ఒకచోట చెల్లిన అర్థం మరొకచోట నేరుగా చెల్లదు.

- యాదృచ్ఛిక నమూనాతో పోల్చాలన్న సూత్రం 1938లోనే మొరెనో, జెన్నింగ్స్ కృషిలో కనిపిస్తుంది. 2002లో మాస్లోవ్, స్నెప్పెన్ దానిని డిగ్రీలు మార్చని తారుమారు పద్ధతిగా తీర్చిదిద్దారు.

- కోనిగ్స్‌బర్గ్ వంతెనల −5/9, రెండు పత్రాల సహరచనా నెట్‌వర్క్‌లోని +1, రెండూ నిర్మాణనియమాల వల్ల తప్పనిసరిగా వచ్చిన విలువలే. వాటిలో ఎవరి ఎంపికా లేదు.

- మనుషుల నెట్‌వర్క్‌లు సమ కలయికను, ఇతరాలు విషమ కలయికను చూపుతాయన్న 2002 నాటి నిర్ధారణ, బృందాల నుంచి లంకెలను ఊహించిన దత్తాంశాల మీద ఎక్కువగా ఆధారపడింది. కరాటే క్లబ్బు వంటి నేరుగా గమనించిన నెట్‌వర్క్ దానికి లొంగలేదు.

- పరిమాణంలో ఎంతో తేడా ఉన్న నెట్‌వర్క్‌లను పోల్చేటప్పుడు పియర్సన్ గుణకం కంటే క్రమస్థాన గుణకం విశ్వసనీయం.

వియ్యానికీ కయ్యానికీ సమవుజ్జీ కావాలన్న సామెత ఎంపిక గురించి మాట్లాడుతుంది. డిగ్రీ సహసంబంధ గుణకం ఎంపికనూ, అమరికనూ కలిపి ఒకే అంకెగా ఇస్తుంది. ఉపోద్ఘాతంలో చూసిన 0.363కూ −0.476కూ మధ్య వైరుధ్యంలో ఎంత భాగం మనుషులది, ఎంత భాగం కొలతది అన్నది తేలాలంటే, ఆ రెండు విలువల పక్కన వాటి వాటి యాదృచ్ఛిక నమూనాల విలువలు కూడా రాయాలి. ఈ రంగంలో ఏ పరిశోధన ఫలితాన్ని చదివేటప్పుడైనా పాఠకుడు మొదట వెతకవలసింది ఆ రెండవ అంకెనే.